నిలబడ్డవాళ్ల నొప్పి

రోగికి మత్తిచ్చిన తర్వాత, సర్జన్ కత్తి పట్టేముందు, మత్తు డాక్టర్లం చేసే పని ఒకటుంది. రోగి చేతుల్ని బల్లకు రెండువైపులా చాపి పెడతాం. భుజం దగ్గర 90 డిగ్రీలకు మించి తెరుచుకోనివ్వం. మించితే మెడలోంచి చంక మీదుగా చేతిలోకి దిగే నరాలు సాగిపోతాయి. మోచేతి కింద మెత్త పెడతాం. అక్కడ నరం ఎముకను ఆనుకునే ఉంటుంది, మధ్యలో కండ అడ్డుండదు. మడమల కింద మరో మెత్త. తల పక్కకు వాలిపోకుండా కింద ఒక రింగు. కనురెప్పలు మూసి వాటిమీద టేపు. గంటలకొద్దీ కదలకుండా పడుకునే మనిషి ‘ఇక్కడ ఒత్తుకుంటోంది’ అని చెప్పలేడు. అందుకే ఆ మాట అతని తరఫున మేమే ముందుగా ఆలోచిస్తాం. ఇది మా చదువులో పాఠం, పరీక్షలో ప్రశ్న. ఏమరితే రోగి లేచాక వేళ్లు తిమ్మిరెక్కి ఉంటాయన్న భయం ప్రతి కేసులోనూ మమ్మల్ని అంటిపెట్టుకునే ఉంటుంది.

అదే బల్ల పక్కన ఇంకొకరు గంటలకొద్దీ నిలబడతారు. మెడ వంచి, భుజాలెత్తి, ఒక కాలిమీద బరువు వేసి, రెండో కాలు నెత్తురు ఆపే కాటరీ మెషిన్ పెడల్ మీద ఉంచి. వాళ్లు మెలకువగానే ఉన్నారు, నోరుంది, కష్టమైతే చెప్తారులే అనుకుంటాం. చెప్పరు. ఎవరూ అడగరు. నిద్రలో ఉన్న ఒంటికోసం అంత శాస్త్రం తయారుచేసుకున్న మేము, మెలకువగా ఉన్న ఒంటిని దాని ఖర్మకు వదిలేశాం.

రోగి తల దగ్గర కూర్చోవడం నా ఉద్యోగం. అడ్డుగా కట్టిన ఆకుపచ్చ గుడ్డకు అవతల కోత, ఇవతల నేను. ఆ గుడ్డమీదుగా నాకు బాగా కనిపించేది సర్జన్ మెడ. ఎన్నో ఏళ్లుగా ఎందరి మెడలో చూశాను. కేసు మొదట్లో నిటారుగా ఉన్న మెడ గంట తిరిగేసరికి ముందుకు వంగుతుంది. కుడిభుజం కొద్దికొద్దిగా చెవివైపు లేస్తుంది. కేసయ్యాక గ్లౌజులు తీసేసి, మెడవెనక చెయ్యేసి, ‘పట్టేసింది మేడమ్’ అంటారు. టీ వస్తుంది. సర్జన్ల గది అల్మారాలో అమృతాంజనం సీసా ఎప్పుడూ ఉంటుంది. ఈలోగా తర్వాతి పేషంటు టేబుల్‌మీదికి వస్తారు.

ఈ నొప్పికి ఒక చరిత్ర ఉంది. అది మా మత్తుతోనే మొదలైంది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ ఈథర్‌తో మత్తిచ్చి చూపించేదాకా, సర్జన్ గొప్పతనమంతా వేగంలోనే ఉండేది. లండన్‌లో రాబర్ట్ లిస్టన్ చూస్తుండగానే కాలు తీసేసేవాడని పేరు. బల్లమీద మనిషి కేకలు పెడుతుంటే ఇంకెంతసేపు నిలబడతారు? మత్తు వచ్చాక కేకలు ఆగాయి, సర్జన్‌కు సమయం దొరికింది. ఆ సమయంలోంచే ఇవాళ్టి పెద్ద ఆపరేషన్లన్నీ పుట్టాయి. ఈ కథలో మన హైదరాబాదుకూ చోటుంది. 1888లో, మళ్లీ 1889లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ ఆధ్వర్యంలో ఇక్కడ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫామ్ గుండెకు చేటు చెయ్యదని ఆ కమిషన్లు తేల్చిన మాట తర్వాతి పరిశోధనల ముందు నిలబడలేదు. అయినా బల్లమీది మనిషి భద్రత కోసం ఒక రాజ్యం ఖజానా తెరవడం మామూలు విషయం కాదు. రోగి నొప్పి గురించి ప్రపంచం అంత పట్టుదలగా ఆలోచించింది. ఆ నొప్పి తీరడంవల్ల దొరికిన సమయాన్ని ఎవరి కాళ్లు, ఎవరి నడుములు మోస్తున్నాయో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

రెండో మలుపు కీహోల్ ఆపరేషన్. జర్మనీలో ఎరిక్ మ్యూ 1985 సెప్టెంబరులో చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయం తీశాడు. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా ఆ పని చేశారు. అంతకుముందు పక్కటెముకల కింద పొడుగాటి కోత, వారం రోజుల మంచం. ఇప్పుడు మూడు నాలుగు చిన్న గాట్లు, మర్నాడో ఆ మర్నాడో ఇల్లు. కూలికి వెళ్లే మనిషికి ఆ తేడా ఎంత విలువైనదో నేను రోజూ చూస్తాను. కానీ సర్జన్ వైపునుంచి చూడండి. ఇదివరకు చెయ్యి నేరుగా కడుపులో ఉండేది. ఇప్పుడు అడుగుకు పైగా పొడుగున్న పరికరం చివర ఉంది. గ్యాస్ నింపితే పొట్ట పైకి లేస్తుంది, దానితోపాటు పరికరాల పిడులు లేస్తాయి, వాటితో మోచేతులు, వాటితో భుజాలు లేస్తాయి. రంధ్రం దగ్గర పరికరం తిరగబడుతుంది కాబట్టి చెయ్యి కుడికి పోతే కొన ఎడమకు పోతుంది. చూపు ఒకచోట, చేతులు ఒకచోట, మెడ ఆ రెంటి మధ్య మెలితిరిగి ఒకచోట. పైగా కోత ఆపరేషన్‌లో సర్జన్ అటూ ఇటూ కదులుతారు, వంగుతారు, లేస్తారు. కీహోల్‌లో విగ్రహంలా నిలబడిపోతారు. కండరానికి పనికన్నా కదలకపోవడమే ఎక్కువ కష్టం. బిగిసి ఉన్న కండలోకి నెత్తురు సరిగా పారదు.

2010లో అమెరికాలో ఏడ్రియన్ పార్క్ అనే సర్జన్, ఆయన సహచరులు, కీహోల్ ఆపరేషన్లు చేసే 317 మంది సర్జన్లను అడిగారు. వారిలో 87 శాతం మంది ఒంట్లో ఏదో ఒక బాధ ఉందని చెప్పారు. రోగులు లాభపడుతుంటే సర్జన్లు బాధపడుతున్నారన్న మాటనే ఆ వ్యాసానికి శీర్షికగా పెట్టారు. 2018లో వచ్చిన ఇంకో పెద్ద పరిశీలన, 5,828 మంది డాక్టర్లమీద జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూసింది. మెడపూసలు అరగడం, భుజం కండరాల స్నాయువులు దెబ్బతినడం, నడుంపూసలు అరగడం, ఒక్కొక్కటీ ఆరుగురిలో ఒకరికి అటూ ఇటూగా ఉన్నాయి. పనివల్ల ఇలాంటి జబ్బు తెచ్చుకున్నవాళ్లలో 12 శాతం మంది సెలవు పెట్టడమో, పని తగ్గించుకోవడమో, ముందే విరమించడమో చేశారు. ఈ అంకెలు చదివినప్పుడు నాకు కొన్ని ముఖాలు గుర్తొచ్చాయి. వాటిలో ఒకటి, బొటనవేలు మొద్దుబారి పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయిన ఒక పెద్ద సర్జన్‌ది. కత్తెర పిడిలాంటి రింగులో గంటలకొద్దీ వేలు దూర్చి ఉంచితే నరం నలిగి అలా అవుతుందని 1993లోనే వైద్య పత్రికల్లో రాశారు. ఆ రింగులో వేలు పూర్తిగా దూర్చకుండా, పిడిని అరచేతిలో ఆనించి పట్టుకునే పద్ధతి కూడా ఉంది. ఆయన రెసిడెంటుగా ఉన్న రోజుల్లో అది చూపించినవాళ్లు లేరు.

తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు మెడ దాన్ని సులువుగా మోస్తుంది. నీళ్ల బిందె నడుంమీద పెట్టుకుంటే చెరువునుంచి ఇంటిదాకా నడుస్తాం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే పదడుగులు వెయ్యలేం. బరువు మారలేదు, దూరం మారింది. మెడ కూడా అంతే. కెనెత్ హన్స్‌రాజ్ అనే అమెరికన్ వెన్నెముక సర్జన్ 2014లో కట్టిన లెక్క ప్రకారం, తల 30 డిగ్రీలు ముందుకు వంగితే మెడమీద పడే భారం సుమారు 18 కిలోలు, 60 డిగ్రీలు వంగితే సుమారు 27 కిలోలు. కళ్లకు లూప్స్ అనే భూతద్దాలు, నుదుట హెడ్‌లైట్ పెట్టుకునేవాళ్లకు ఆ బరువూ కలుస్తుంది. ఎముకల డాక్టర్లూ గుండె డాక్టర్లూ ఎక్స్‌రే కిరణాలకు అడ్డంగా వేసుకునే సీసం ఏప్రాన్ భుజాలమీద ఐదారు కిలోలు వేలాడుతుంది. దాన్నే రెండు ముక్కలుగా, లంగాలా ఒకటి, చొక్కాలా ఒకటి వేసుకుంటే సగం బరువు నడుం ఎముకకు దిగుతుంది. ఇలాంటి చిన్నచిన్న సంగతులమీదే ఒక సర్జన్ ఆఖరి పదేళ్లు ఆధారపడి ఉంటాయి.

మరి ఎవరూ ఎందుకు చెప్పరు? ఓర్చుకోవడం సర్జన్ చదువులో ఎవరూ రాయని మొదటి పాఠం కాబట్టి. తిండి లేకుండా నిలబడ్డ కేసులు, రాత్రంతా చేసిన ట్రామా కేసులు, జ్వరంతో వచ్చి ముగించిన ఆపరేషన్లు, ఇవన్నీ కథలుగా చెప్పుకుంటారు. ఆ కథల్లో నిజమైన త్యాగం ఉంది, నేను దాన్ని తక్కువచేసి మాట్లాడను. కానీ ప్రాణం మీదికొచ్చిన రాత్రి ఓర్చుకోవడం వేరు, ప్రతి మంగళవారం హెర్నియాకు అదే తప్పు ఎత్తులో నిలబడటం వేరు. మొదటిది ధర్మం. రెండోది అలవాటు. అలవాటుకు ధర్మం పేరు పెట్టేసరికి ప్రశ్నించడం కష్టమైపోయింది. ఇంకొకటి, సర్జరీని చూసి నేర్చుకుంటారు. గురువుగారి చెయ్యి ఎలా తిరుగుతుందో శిష్యుడు గమనిస్తాడు, ముడి ఎలా వేస్తారో గమనిస్తాడు, వాటితోపాటే ఆయన మెడ ఎలా వంచుతారో కూడా తెలియకుండానే నేర్చేసుకుంటాడు. పనితనంతోపాటు నొప్పి కూడా తరంనుంచి తరానికి అందుతోంది.

సుశ్రుతుడు శస్త్రచికిత్సకు నూటొక్క యంత్రాలు చెప్పి, వాటన్నిటిలోకీ చెయ్యే ముఖ్యమన్నాడు. అది లేకుండా మిగతావేవీ పనిచెయ్యవు గనక. రోగిని ముట్టేముందు శిష్యులు గుమ్మడి, సొర, దోసకాయలమీద కోత అభ్యాసం చెయ్యాలని కూడా చెప్పాడు. ఈ రెండు మాటల్నీ కలిపి ఆలోచిస్తే నాకు దారి కనిపిస్తుంది. చెయ్యి ముఖ్య పరికరమైతే, ఆ చేతిని పట్టి ఉంచే భుజం, మెడ, నడుం, పాదం కూడా పరికరాలే. కాటరీ మెషిన్‌ను రోజూ పరీక్షించి చూసుకుంటాం. వీటిని కూడా చూసుకోవాలి. అది అభ్యాసంతో రావాలి, అభ్యాసం తొలినాళ్లలోనే మొదలవ్వాలి.

ఒకసారి ఒక పీజీ అమ్మాయి కీహోల్ కేసులో కెమెరా పట్టుకుంది. ప్రొఫెసర్‌గారు పొడగరి, టేబుల్ ఆయన ఎత్తుకు పెట్టాం. ఆ అమ్మాయి మునివేళ్లమీద నిలబడి, మోచెయ్యి గాల్లో పెట్టి కెమెరా పట్టుకుంది. తెరమీద బొమ్మ వణుకుతోంది. ‘కదిలించకమ్మా’ అన్నారాయన. కాసేపటికి మళ్లీ అన్నారు. ఆమె చెమట నాకు కనిపిస్తోంది. టెక్నీషియన్‌కు సైగచేసి స్టూల్ తెప్పించి ఆమె కాళ్ల దగ్గర పెట్టించాను. ఎక్కింది. బొమ్మ నిలిచింది. ప్రొఫెసర్‌గారు తల తిప్పి చూసి, ‘ముందే అడగొచ్చు కదమ్మా’ అన్నారు. ఆయన మనసారా అన్న మాటే అది. కానీ అడగొచ్చని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఒంటిని కాపాడుకుంటూ పనిచెయ్యడం నేర్పాలంటే మొదట చెప్పాల్సింది ఆ ఒక్కమాటే: అడగొచ్చు.

తర్వాత నేర్పాల్సినవి కష్టమైనవేం కావు. ఎర్గోనామిక్స్ నిపుణులు చెప్పేవన్నీ కాసేపట్లో వివరించగలిగినవే. కీహోల్‌లో టేబుల్ ఎంత ఎత్తున ఉండాలి? పరికరం పిడి మోచేతి ఎత్తుకు వచ్చేలా ఉండాలి. అంటే కోత ఆపరేషన్‌కన్నా టేబుల్ బాగా దిగాలి. అందరిలో పొడుగ్గా ఉన్నవాళ్లకు టేబుల్ సరిచేసి, మిగతావాళ్లకు స్టూలు వెయ్యాలి; పొట్టివాళ్లకు సరిచేస్తే పొడుగువాళ్లు కుంగిపోవడం తప్ప దారి లేదు. స్టూలు వెడల్పుగా ఉండాలి, పెడల్ కూడా దానిమీదే ఉండాలి. తెర ఎక్కడుండాలి? సర్జన్ ముఖానికి ఎదురుగా, పరికరం చూసే దిక్కులోనే, కంటిచూపుకన్నా కాస్త కిందుగా. గోడకు బిగించిన తెరకోసం మెడ తిప్పుకోవడం కాదు, తెరే మనవైపు రావాలి. లూప్స్ కొనేటప్పుడు ఎంత పెద్దగా చూపిస్తాయన్నదే కాదు, ఏ కోణంలో కిందికి చూపిస్తాయన్నది కూడా చూడాలి. సరైన కోణం ఉంటే కళ్లు దిగుతాయి, మెడ దిగదు.

పరికరాల తయారీదారులకు కూడా ఒక మాట చెప్పాలి. ఈ పిడులు చాలావరకు పెద్ద చేతులకోసం చేసినవి. గ్లౌజు సైజు ఆరున్నర, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకు స్టేప్లర్ లాంటివి నొక్కడమే కష్టమని 726 మంది సర్జన్లను అడిగి 2004లోనే రాశారు. ఇప్పుడు మా తరగతుల్లో అమ్మాయిలు ఎంతమంది! సర్జరీ తీసుకునేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. రెండు చేతులతో స్టేప్లర్ నొక్కుతున్న పీజీని చూసి ‘బలం లేదు’ అనుకోవడం అన్యాయం. ఆ పిడి ఆమె చేతికి చెయ్యలేదు, అంతే.

ఇక విరామం సంగతి. ఆపరేషన్ మధ్యలో ఆగడమంటే ఏదో అపచారంలా చూస్తారు. జర్మనీలో హానోవర్ డాక్టర్లు పిల్లల కీహోల్ ఆపరేషన్లలో ప్రతి 25 నిమిషాలకు 5 నిమిషాలు ఆగి చూశారు. సర్జన్ల ఒంట్లో ఒత్తిడి హార్మోను తగ్గింది, పొరపాట్లు తగ్గాయి, ఆపరేషన్ మొత్తం సమయం పెరగలేదు. 2017లో అమెరికాలో 66 మంది సర్జన్లతో ఇంకో పరిశీలన చేశారు. మధ్యమధ్యలో ఒకటిన్నర రెండు నిమిషాలు, చేతులు శుభ్రంగా ఉంచుకుంటూనే మెడ, భుజాలు, నడుం, చీలమండలు సాగదీయడం. సగానికి పైగా, 57 శాతం మంది, తమ ఒంటి పనితీరు మెరుగుపడిందన్నారు. 38 శాతం మంది ఏకాగ్రత పెరిగిందన్నారు. 87 శాతం మంది ఇది తమ థియేటర్‌లో ఉండాలన్నారు. ఇక్కడా ఆపరేషన్ సమయం పెరగలేదు. అలసిన చెయ్యి నెమ్మదిగా పోగొట్టుకునే నిమిషాల్ని, తేరుకున్న చెయ్యి తిరిగి తెస్తుంది.

మన ప్రభుత్వాసుపత్రుల సంగతి నాకు తెలియనిది కాదు. కొన్నిచోట్ల టేబుల్ పాతది, ఎంత తొక్కినా ఒక ఎత్తుకు కిందికి దిగదు. తెర గోడమీదే ఉంటుంది. స్టూలు ఒకటే, అదీ ఊగుతుంది. కొత్త టేబుల్ రావాలంటే ఫైలు కదలాలి. కానీ గట్టి చెక్క మెట్టు చేయించడానికి ఫైలుతో పనిలేదు. నేర్పడానికి అసలే లేదు. రోబో వస్తే అంతా తీరిపోతుందనుకునేవాళ్లున్నారు. రోబో దగ్గర సర్జన్ కూర్చుని చేస్తారు, భుజాలకు ఊరట నిజమే. కానీ తల కన్సోల్‌లో పెట్టి గంటలు కదలకుండా ఉంటే మెడ అక్కడా పట్టేస్తుంది. యంత్రం ఖరీదు పెరిగినా కూర్చునే పద్ధతి మాత్రం మనిషే నేర్చుకోవాలి.

ఇది డాక్టర్ల సౌఖ్యం గోల కాదు. మన దగ్గర ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఎంఎస్ మూడేళ్లు, ఆపైన ఎంసీహెచ్ మరో మూడేళ్లు. చేతికి నిలకడ వచ్చి, కష్టమైన కేసులో ఎక్కడ ఆగాలో తెలిసేసరికి నలభై దాటుతాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, అంతకుముందు పెద్ద ఆపరేషన్ ఊసే ఎత్తలేని ఇళ్లనుంచి మనుషులు థియేటర్‌దాకా వస్తున్నారు. ఆ అనుభవం పండిన చెయ్యి యాభై ఐదేళ్లకు తిమ్మిరెక్కి పక్కకు తప్పుకుంటే, నష్టపోయేది ఆ చెయ్యి గలవాళ్లు మాత్రమే కాదు. ఇంకా పదేళ్లలో ఆ బల్లమీదికి రావాల్సిన మనుషులందరూ నష్టపోతారు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ భద్రతకు 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. పేరు సరిగ్గా ఉందా, సరైన వైపేనా, యాంటీబయాటిక్ వేశారా అని కోతకు ముందు అందరూ ఆగి చెప్పుకుంటారు. ఎన్నో ప్రాణాల్ని కాపాడుతున్న కాగితం అది. ఆ 19లో నిలబడ్డవాళ్ల ఒంటి గురించి ఒక్కటీ లేదు. నేను పనిచేసే థియేటర్‌లో మరో మూడు ప్రశ్నలు కలిపి అడుగుతున్నాను. టేబుల్ ఎత్తు అందరికీ సరిపోయిందా? తెర ఎదురుగా ఉందా? పెడల్ కాలికి అందుతోందా? మొదట్లో నా మాట మన్నించి జవాబిచ్చేవారు. ఇప్పుడు నేను మరిచిపోతే పీజీలే అడుగుతున్నారు. ఇది ప్రతి టీచింగ్ ఆసుపత్రిలో జరగాలని నా కోరిక. పీజీ థియేటర్‌లో అడుగుపెట్టిన మొదటి వారంలో ముడి నేర్పేముందు నిలబడటం నేర్పాలి. లాగ్‌బుక్‌లో దానికి ఒక గడి ఉండాలి. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ ‘ఈ కేసుకు టేబుల్ ఎంత ఎత్తులో పెడతావు, ఎందుకు?’ అని అడగాలి. పరీక్షలో అడిగేదే మనవాళ్లు చదువుతారు. గురువులు చేసి చూపేదే జీవితమంతా చేస్తారు.

వైద్యంలో ప్రతి పెద్ద అడుగూ రోగి బాధలో కొంత తీసి సర్జన్ ఒంటిమీద పెట్టింది. సర్జన్లు దాన్ని మాట్లాడకుండా మోశారు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. ఆ రుణం తీర్చడానికి ఖరీదైన దారి వెతకక్కర్లేదు. బల్లమీది మనిషి మోచేతి కింద మెత్త పెట్టేటప్పుడు ఎంత శ్రద్ధగా ఉంటామో, బల్ల పక్కన నిలబడే మనిషి విషయంలోనూ అంతే శ్రద్ధగా ఉండాలి. ఆ శ్రద్ధను పాఠంగా చెప్పాలి, పరీక్షలో అడగాలి, రోజూ పాటించాలి. రోగికి ఇచ్చే సుఖాన్ని ఇంకొకరి మెడలోంచి తీసి ఇవ్వాల్సిన అవసరం మనకు లేదు.